విరిగిన కాలు, మిగిలిన మూడు కాళ్లు

పెగడపల్లి మండలంలోనూ, చుట్టుపక్కల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లోనూ గుర్రం నేడు ఎక్కువగా పెళ్లి బరాత్‌లోనే కనిపిస్తుంది. జట్కాలు రోడ్ల మీది నుంచి తప్పుకొని, బరువులు మోసే పనిని ఆటోలూ ట్రాక్టర్లూ అందుకున్నాక ఊళ్లలో గుర్రాన్ని సాకే కుటుంబాలు బాగా తగ్గిపోయాయి. దేశమంతటా ఇదే ధోరణి ఉంది. 2012 పశుగణనలో ఆరు లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాల సంఖ్య 2019లో జరిగిన 20వ పశుగణన నాటికి దాదాపు 3.4 లక్షలకు పడిపోయింది. జంతువుల సంఖ్యతో పాటే వాటి గురించి తెలిసినవారి సంఖ్య కూడా తగ్గుతుంది. మనుమంచి భట్టు హయలక్షణ విలాసము వంటి అశ్వశాస్త్ర గ్రంథం పుట్టిన భాషలోనే, లాడం కొట్టేవారి కోసం, కుంటు ఏ కాలిదో చూడగానే చెప్పగలిగేవారి కోసం వెతుక్కోవలసి వస్తోంది. అందుకే గుర్రం తీవ్రంగా గాయపడినప్పుడు, కాలు విరిగిన గుర్రం ఇక బతకదన్న మాట ఒక్కటే అందరి నోటా వినిపిస్తుంది. ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే అది ఏ గుర్రానికి, ఏ గాయానికి, ఎంతవరకు వర్తిస్తుందో తెలుసుకుంటే, బతికించదగిన జంతువును ముందే వదులుకోవలసిన అవసరం ఉండదు.

నేల నుంచి మెడ మొదట్లో ఉండే వీపు మిట్ట వరకు కొలిచినప్పుడు సుమారు 147 సెంటీమీటర్లకు మించని గుర్రాన్ని పోనీ అని, తెలుగులో తట్టు గుర్రం లేదా పొట్టి గుర్రం అని వ్యవహరిస్తారు. పందేల కోసం పెంచే మేలుజాతి గుర్రం 450 నుంచి 500 కిలోల బరువుంటే, మన ప్రాంతాల్లో కనిపించే పొట్టి గుర్రాలు చాలావరకు అందులో సగం బరువే ఉంటాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో, రోడ్డు లేని కొండ గ్రామాలకు బియ్యం, ఉప్పు చేరవేయడానికీ, కొండ మీద పండిన కాఫీ, మిరియాలు సంతకు దించడానికీ గిరిజనులు ఇలాంటి గుర్రాలనే వాడుతున్నారు. గాయం నుంచి కోలుకోవడంలో పొట్టి గుర్రాల తక్కువ బరువుకు ఎంత ప్రాధాన్యం ఉందో గ్రహించాలంటే ముందుగా గుర్రం కాలి నిర్మాణాన్ని చూడాలి.

కండ లేని కాలు

గుర్రం వేగంగా పరుగెత్తడానికి అనువుగా దాని కాళ్లు పరిణామక్రమంలో పొడవుగా, తేలికగా రూపొందాయి. కాలిని కదిలించే కండరాలన్నీ పైభాగంలోనే ఉండి, ముందుకాలి మోకాలికి దిగువన ఎముక, దానిని అంటిపెట్టుకున్న స్నాయువులు, వాటిపై పలుచని చర్మం మాత్రమే ఉంటాయి. కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు వంటి కణజాలాన్నే స్నాయువు అంటారు. మనిషికి తొడ ఎముక విరిగితే చుట్టూ ఉన్న కండ దానికి కొంత ఆసరా ఇస్తుంది, రక్తమూ సమృద్ధిగా అందుతుంది. గుర్రం కాలి దిగువ భాగంలో ఆ రెండూ తక్కువే. విరిగిన ఎముక కొస పలుచని చర్మాన్ని చీల్చుకొని బయటికి రావడం, ఆ దారిన మట్టీ సూక్ష్మక్రిములూ లోపలికి చేరడం ఎంతో సులభంగా జరిగిపోతాయి.

దీనికి తోడు గుర్రం బరువులో దాదాపు 60 శాతాన్ని ముందుకాళ్లే మోస్తాయి. కాలు విరిగిన కుక్క మూడు కాళ్ల మీద గెంతుతూ తిరగగలదు, మనిషి మంచం మీద పడుకొని నెలలు గడపగలడు. గుర్రానికి ఈ రెండు మార్గాలూ మూసుకుపోయి ఉన్నాయి. ఎక్కువసేపు ఒకే పక్కకు పడుకుంటే దాని బరువే ఊపిరితిత్తులను, కండరాలను నొక్కివేస్తుంది, ఒరుసుకుపోయిన చోట పుండ్లు పడతాయి. జోలె వంటి పట్టీలతో పైకి వేలాడదీసినా చాలా గుర్రాలు ఆ నిర్బంధాన్ని ఎక్కువ కాలం ఓర్చుకోలేవు. కాబట్టి శస్త్రచికిత్స జరిగిన రోజు నుంచే గుర్రం నిలబడాలి, నిలబడినప్పుడు మిగిలిన మూడు కాళ్లూ అదనపు భారం మోయాలి. అసలు ప్రమాదం చాలాసార్లు అక్కడే పొంచి ఉంటుంది.

గిట్ట లోపల జరిగేది

పైకి మొద్దుగా కనిపించే గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది. ఆ ఎముక గిట్ట గోడకు దాదాపు ఆరువందల పలుచని రేకులతో అతుక్కొని ఉంటుంది. ఎముక వైపు నుంచి వచ్చే రేకులు, గోడ వైపు నుంచి వచ్చే రేకులు రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి జొనిపినట్లు పెనవేసుకొని గుర్రం బరువునంతా మోస్తాయి. ఈ రేకులకు రక్తం సరిగా అందాలంటే కాలిపై భారం పడుతూ, తొలగుతూ ఉండాలి. నిలబడి ఉన్న గుర్రం మాటిమాటికీ ఒక కాలి నుంచి మరో కాలికి బరువు మార్చుకోవడం వల్ల ఈ పని జరుగుతుంటుంది. ఒక కాలు నొప్పితో నేలకు ఆనించలేని స్థితిలో ఉంటే, దాని జతకాలికి క్షణమైనా విశ్రాంతి దొరకదు. రోజులు గడిచేకొద్దీ అక్కడి రేకులు రక్తం అందక దెబ్బతిని, పట్టు సడలి, లోపలి ఎముక కిందికి జారిపోతుంది. లామినైటిస్ అనే ఈ వ్యాధి భరించరాని నొప్పిని కలిగిస్తుంది. విరిగిన కాలు నయమవుతుండగానే ఆరోగ్యంగా ఉన్న కాలు పాడై గుర్రం ప్రాణం పోవడానికి కారణం ఇదే.

అమెరికాలో 2006 కెంటకీ డెర్బీ గుర్రపు పందెంలో గెలిచిన బార్బరో అనే గుర్రం విషయంలో ఈ పరిణామాన్ని ప్రపంచమంతా గమనించింది. అదే సంవత్సరం మే 20న ప్రీక్‌నెస్ పందెంలో దాని కుడి వెనుక కాలు పలుచోట్ల విరగగా, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ బోల్టన్ సెంటర్‌లో డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ బృందం లోహపు పలకతో, 27 స్క్రూలతో ఆ ఎముకలను బిగించింది. ఎముకలు అతుక్కునే దారిలోనే ఉన్నా, జులై నాటికి ఎడమ వెనుక కాలికి లామినైటిస్ వచ్చింది. నెలల తరబడి పోరాడిన తర్వాత 2007 జనవరి 29న ఆ గుర్రానికి బాధ లేని మరణాన్ని ప్రసాదించవలసి వచ్చింది. అత్యుత్తమ వైద్యశాల, డబ్బు, నిపుణులు అన్నీ ఉన్నా ఓడించింది విరగని కాలే.

మూడు కాళ్ల మీద బతకడం నేర్చిన పొట్టి గుర్రం

అదే దేశంలో, అదే 2006లో ఒక పొట్టి గుర్రం కథ మరోలా సాగింది. 2005 ఆగస్టులో కత్రినా తుపాను లూసియానా రాష్ట్రాన్ని ముంచెత్తినప్పుడు యజమానులు వదిలి వెళ్లిన జంతువులలో మాలీ అనే బూడిదరంగు పోనీ ఒకటి. దానిని రక్షించి ఒక పశుశాలకు చేర్చిన తర్వాత అక్కడ ఉన్న కుక్క దానిపై దాడి చేసి కుడి ముందుకాలిని తీవ్రంగా కొరికింది. గాయం చీముపట్టి, గిట్టకు రక్తప్రసారం ఆగిపోవడంతో కాలిని కాపాడే ఆశ లేకపోయింది. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయ పశువైద్యశాలలో శస్త్రవైద్యుడు రస్టిన్ మూర్ మొదట్లో కాలు తీసివేయడానికి సుముఖంగా లేరు. అయితే మాలీ ప్రవర్తనను గమనించాక ఆయన అభిప్రాయం మారింది. అది గాయపడిన కాలిపై అనవసర భారం వేయకుండా జాగ్రత్తగా నిలబడేది, మిగిలిన కాళ్లకు విశ్రాంతి ఇవ్వడానికి తనంతట తానే పడుకొని లేచేది, పుండ్లు పడకుండా పక్క మార్చుకునేది, మనుషులు కట్టు మార్చేటప్పుడు నెమ్మదిగా సహకరించేది.

2006 జనవరిలో మోకాలికి దిగువన ఆ కాలిని తొలగించి, మిగిలిన భాగానికి కృత్రిమ కాలును అమర్చారు. కృత్రిమ కాలు పెట్టడంతో పని పూర్తికాదు. మొండిభాగానికి మెత్తని కట్టు కట్టి దానిపై తొడుగు బిగించాలి, రోజూ విప్పి చర్మం ఎర్రబడిందేమో, ఒరిసిందేమో చూడాలి, వాపు తగ్గి మొండిభాగం సన్నబడినప్పుడల్లా తొడుగు కొలతను సరిచేయించాలి. మాలీ కృత్రిమ కాలి అడుగున ఉన్న రబ్బరుపై నవ్వే ముఖం అచ్చు ఉండేది, అది నడిచిన మెత్తని నేలపై ఆ ముఖమే ముద్రపడేది. తర్వాతి సంవత్సరాల్లో దాన్ని ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు, అవయవాలు కోల్పోయిన రోగుల దగ్గరికి తీసుకువెళ్లేవారు.

మాలీ విజయం వెనుక మూడు అంశాలున్నాయి. శరీరం తేలికైనది కావడంతో మూడు కాళ్లపై పడిన భారం గిట్టల రేకులు ఓర్చుకోగలిగినంతే. ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు లేవాలో తెలిసిన నెమ్మదైన స్వభావం రెండవది. రోజూ కట్టు విప్పి కట్టే మనిషి ఉండటం మూడవది.

మన దేశంలో 2016 మార్చి 14న డెహ్రాడూన్‌లో ఒక నిరసన ప్రదర్శన సందర్భంగా వెనుక కాలు విరిగిన ఉత్తరాఖండ్ పోలీసు గుర్రం శక్తిమాన్‌కు కూడా కాలు తొలగించి కృత్రిమ కాలు అమర్చారు. దేశమంతా దాని క్షేమం కోరుకున్నా, ఏప్రిల్ 20న అది కన్నుమూసింది. నిండుగా ఎదిగిన గుర్రానికీ, తేలికపాటి పొట్టి గుర్రానికీ కృత్రిమ కాలితో బతికే అవకాశాలు సమానం కావని ఈ రెండు ఉదంతాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

పుండు మానే తీరు

ఎముక విరగడం కంటే మన ఊళ్లలో ఎక్కువగా జరిగేవి కోతలు, చీలికలు: పొలం గట్టున ముళ్లతీగ చుట్టుకోవడం, రేకు కోసుకోవడం, రోడ్డుపై వాహనం తగలడం వంటివి. ఇక్కడ కూడా పొట్టి గుర్రానికి ప్రకృతి ఒక అనుకూలత ఇచ్చింది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990ల చివర్లో పెద్ద గుర్రాల గాయాలను, పోనీల గాయాలను పోల్చి చూసి, పోనీల పుండ్లు త్వరగా మానుతున్నాయని నిర్ధారించారు. గాయపడిన చోటికి పోనీల తెల్లరక్తకణాలు వేగంగా చేరి క్రిములను తొందరగా తుడిచిపెడతాయి, ఆ తర్వాత గాయపు అంచులు దగ్గరికి ముడుచుకోవడం కూడా బలంగా సాగుతుంది. పెద్ద గుర్రాలలో ఆ తొలి ప్రతిస్పందన మందంగా మొదలై చాలాకాలం సాగుతుంది కాబట్టి, కాలి పుండుపై ఎర్రని కండ అంచులను దాటి పొంగి పెరుగుతుంది. మన పెద్దలు దుర్మాంసం అని పిలిచే ఈ పొంగును తీసివేయకపోతే దానిపై కొత్త చర్మం ఎక్కదు. పోనీలకు ఈ బెడద లేకపోలేదు, తక్కువగా ఉంటుంది.

మొదటి కొన్ని గంటలు

గుర్రం కోలుకుంటుందా లేదా అన్నది చాలావరకు గాయపడిన మొదటి గంటల్లోనే తేలిపోతుంది. బెదిరిన గుర్రం విరిగిన కాలితోనే పరుగెత్తి ఎముకను మరింత ఛిద్రం చేసుకుంటుంది. కాబట్టి జనాన్ని దూరం పంపి, అలవాటైన మనిషి ఒక్కరే తల దగ్గర నిలబడటం ముఖ్యం. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి, గుడ్డ తడిసినా తీయకుండా దానిపైనే మరొకటి చుట్టాలి. మురికి పట్టిన గాయాన్ని లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణంతో కడగడం మేలు. లోతైన గాయంలో సున్నం, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్, పసుపు ముద్ద వంటివి కూరితే లోపలి కణజాలం కాలిపోవడమో, చెత్త చిక్కుకుపోవడమో జరిగి వైద్యుని పని రెట్టింపవుతుంది.

కీలు దగ్గరి చిన్న గాయం నుంచి పసుపుపచ్చగా, జిగటగా సాగే ద్రవం వస్తుంటే కీలు తెరుచుకున్నదని అర్థం. అప్పటికి గుర్రం బాగానే నడుస్తున్నా, లోపల క్రిములు స్థిరపడకముందే, అదే రోజు కీలును కడిగించాలి. గుర్రాలకు ధనుర్వాతం ముప్పు మిగతా పశువుల కంటే చాలా ఎక్కువ కాబట్టి, టీకా వేయించినా వేయించకున్నా గాయమైన వెంటనే ఆ విషయం వైద్యునికి చెప్పాలి. గుర్రం పరిస్థితిని ఫోన్‌లో వివరించడానికి నాడి లెక్క ఉపయోగపడుతుంది. దవడ ఎముక కింది అంచున వేలు ఆనిస్తే నాడి తగులుతుంది. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 వరకు కొట్టుకునే ఆ నాడి అరవై దాటి తగ్గకుండా ఉంటే నొప్పో, రక్తనష్టమో తీవ్రంగా ఉందని భావించాలి.

ఎముక విరిగినట్లు అనుమానం ఉంటే దూదిని పొరలు పొరలుగా బిగించి చుట్టి, దానిపై నిలువునా చీల్చిన పీవీసీ పైపు ముక్కలను ఆసరాగా కట్టాలి. ఆ ఆసరా విరిగిన చోటికి పైన ఒక కీలును, కింద ఒక కీలును దాటి ఉండాలి. బండిలో తరలించేటప్పుడు ముందుకాలికి దెబ్బ తగిలిన గుర్రాన్ని తల వెనుక వైపు ఉండేలా, వెనుక కాలికి తగిలినదాన్ని తల ముందు వైపు ఉండేలా నిలబెడితే, బ్రేకు వేసినప్పుడు పడే ఊపు గాయపడిన కాలిపై పడదు. తెలంగాణలో 2017 నుంచి 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తోంది. పెగడపల్లి వైపు గ్రామాలకు జగిత్యాల మీదుగా చేరుకోగల కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద మొదలైన ఆ కళాశాల రాష్ట్రం ఏర్పడ్డాక పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైంది. అదే విశ్వవిద్యాలయానికి చెందిన పాత కళాశాల హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉంది.

శస్త్రచికిత్స అవసరమైతే మత్తు నుంచి తేరుకునే ఘట్టం కూడా ప్రమాదకరమే. అత్యవసర కడుపునొప్పి కేసులను మినహాయించినా, పూర్తి మత్తు ఇచ్చిన ప్రతి వంద గుర్రాల్లో సుమారు ఒకటి చనిపోతున్నట్లు పెద్ద అధ్యయనాలు తేల్చాయి. మెలకువ రాగానే పారిపోవాలనే సహజ ప్రవృత్తితో గుర్రం గంతులు వేసి కట్టును, ఎముకను తిరిగి విరగ్గొట్టుకుంటుంది. 1975 జులైలో రఫియన్ అనే ప్రసిద్ధ పందెపు గుర్రం ఇలాగే ప్రాణం కోల్పోయింది. ఆ తర్వాత న్యూ బోల్టన్ సెంటర్ వంటి చోట్ల, గుర్రాన్ని గోరువెచ్చని నీటి కొలనులో తెప్ప మీద తేలియాడిస్తూ మేల్కొలిపే పద్ధతిని ప్రవేశపెట్టారు. బరువు తక్కువైన పోనీని మేల్కొనేటప్పుడు ఇద్దరు ముగ్గురు మనుషులు పట్టుకొని నిలబెట్టడం సాధ్యపడుతుంది.

నెలల విశ్రాంతి, మేతలో మితం

ఎముక అతకడానికి మూడు నుంచి ఆరు నెలలు, స్నాయువు బాగుపడటానికి తొమ్మిది నెలల నుంచి సంవత్సరం పడుతుంది. తెగిన స్నాయువులో మొదట ఏర్పడే పోగులు అడ్డదిడ్డంగా, బలహీనంగా ఉంటాయి. కొద్దికొద్దిగా నడిపించినప్పుడే అవి లాగుడు దిశలో వరుసగా అమరి గట్టిపడతాయి. అందుకే పూర్తి విశ్రాంతి తర్వాత వైద్యుని సలహాతో రోజుకు ఐదు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ పోతారు. కుంటు తగ్గగానే పనికి కట్టడం, నయమైన గుర్రం మళ్లీ చెడిపోవడానికి అతి సాధారణమైన కారణం.

ఈ కాలంలో యజమాని ప్రేమతో చేసే పొరపాటు మేత దగ్గర జరుగుతుంది. జబ్బుపడిన గుర్రానికి బలం రావాలని ఉలవ గుగ్గిళ్లు, బెల్లం, మక్కలు ఎక్కువగా పెడతారు. కదలిక లేని శరీరానికి ఆ పిండిపదార్థం అరగక పేగులో పులిసి శూలకు, గిట్టల లామినైటిస్‌కు దారితీస్తుంది. పొట్టి గుర్రాలు కరువు నేలలో తక్కువ మేతతో బతకడానికి అలవాటుపడినవి కావడంతో వాటికి ఈ ప్రమాదం పెద్ద గుర్రాల కంటే ఎక్కువ. వాటి తేలికతనం ఇచ్చిన లాభాన్ని అతిగా పెట్టే దాణా పోగొడుతుంది. ఇక బూజు పట్టిన మక్కలలోని విషం గుర్రం మెదడునే దెబ్బతీస్తుంది. మక్కజొన్న విరివిగా పండే జగిత్యాల ప్రాంతంలో పశువులకు వేసే పాడైన గింజలను గుర్రం దరిదాపులకు రానివ్వకూడదు. 250 కిలోల పోనీకి రోజుకు నాలుగైదు కిలోల మంచి ఎండుగడ్డి, ఎప్పుడూ అందుబాటులో నీళ్లు, నాకడానికి ఉప్పు ఉంటే చాలు. ముదురు వరిగడ్డి మాత్రమే వేస్తే పేగులో గడ్డకట్టి అడ్డుపడవచ్చు. గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు లద్ది వేస్తుంది. పాకలో కట్టేసి ఉన్న గుర్రం లద్దిని లెక్కపెట్టే అలవాటున్న యజమాని, ఆ లెక్క సగానికి తగ్గిన రోజునే శూలను పసిగట్టగలడు. గుర్రం మంద జంతువు కాబట్టి ఒంటరితనంతో బెంగపడి మేత మానేస్తుంది. మరో గుర్రం లేని చోట తోడుగా ఒక మేకను కట్టడం అనుభవజ్ఞులు పాటించే ఉపాయం.

నిర్ణయం ఎవరిది, ఎప్పుడు

అన్ని గాయాలూ నయం కావు. గుర్రం నొప్పి మందులిచ్చినా మేత ముట్టకపోయినా, పడుకుంటే లేవలేకపోయినా, జతకాలి గిట్ట వేడెక్కి ఆ కాలినీ మోపలేకపోయినా చికిత్సను పొడిగించడం దయ అనిపించుకోదు. అంతగా గాయపడి బతికి ఉండటమే హింసగా మారిన జంతువుకు బాధ లేని మరణం కల్పించే వీలును 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 13వ సెక్షన్ ఇస్తోంది. ఆ నిర్ణయం వైద్యుని పరీక్షపై ఆధారపడాలి తప్ప, కాలు విరిగిందన్న ఒక్క మాటపై కాదు.

చాలా గాయాలు అలసట నుంచి పుడతాయి కాబట్టి, నివారణ నియమాలు కూడా చట్టంలోనే ఉన్నాయి. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో చేసిన నియమాల ప్రకారం పోనీ వీపుపై 70 కిలోలకు మించి వేయరాదు, రోజుకు తొమ్మిది గంటలకు మించి, విశ్రాంతి లేకుండా ఐదు గంటలకు మించి పనిచేయించరాదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు వాడరాదు. నున్నటి తారురోడ్డుపై అరిగిన లాడాలతో, బ్యాండు మోతకూ పటాకులకూ బెదురుతూ నడిచే బరాత్ గుర్రాన్ని కిరాయికి తీసుకునేవారు ఈ అంకెలు తెలుసుకుంటే, జారిపడే గుర్రాల సంఖ్య తగ్గుతుంది.

గాయపడిన పొట్టి గుర్రానికి దాని తేలికతనం, త్వరగా మానే చర్మం జన్మతః వచ్చిన బలాలు. వాటిని నిలబెట్టే పని మొదటి గంటలో కట్టు కట్టే చేతిది, తర్వాతి నెలల్లో మేత తూచి వేసే చేతిది, మంచి కాళ్లను కూడా రోజూ తడిమి చూసే చేతిది. కోరుట్ల వంటి చోట చదువుకుంటున్న పశువైద్య విద్యార్థులకు గుర్రాన్ని పరీక్షించే అవకాశాలు ఇంకా తగ్గకముందే, మిగిలిన కొద్దిమంది గుర్రపు యజమానుల అనుభవాన్ని వైద్యశాలల దగ్గరికి చేర్చగలిగితే, ఈ ప్రాంతంలో కాలు విరిగిన గుర్రానికి కూడా ముందుగా ఎక్స్‌రే, ఆ తర్వాతే తీర్పు అన్న పద్ధతి అలవాటవుతుంది.